యుంగ్‌ఫ్రౌ రైలు వెనక మిల్లు యజమాని: అడాల్ఫ్ గూయర్-జెల్లర్ (1839–1899)

స్విట్జర్లాండ్ వెళ్ళొచ్చిన తెలుగువాళ్ళ ఆల్బమ్ ఏది తీసినా ఒక ఫోటో తప్పకుండా కనిపిస్తుంది. చుట్టూ మంచు, పైన నీలాకాశం, వెనక ఎర్రజెండా మీద తెల్ల శిలువ, ముందు నల్లకళ్ళద్దాలతో కుటుంబం అంతా. సముద్రమట్టానికి 3,454 మీటర్ల ఎత్తున ఉన్న యుంగ్‌ఫ్రౌయోహ్ అది. మనవాళ్ళు 'జంగ్‌ఫ్రా' అంటారు. హిందీ, తెలుగు సినిమా పాటల పుణ్యమా అని ఆ కొండలు మనకి ఊటీ అంత పరిచయం. పైన 'బాలీవుడ్' పేరుతో ఒక రెస్టారెంటు కూడా వెలిసింది. కానీ ఆ కొండ కడుపులోంచి ఏడు కిలోమీటర్లకు పైగా సొరంగం తొలిచి రైలు పంపాలన్న ఆలోచన ఎవరిది అని అడిగితే, ఫోటో దిగినవాళ్ళలో చెప్పగలిగేవారు తక్కువ.

ఆయన ఇంజనీరు కాదు, పర్వతారోహకుడూ కాదు. జూరిచ్ దగ్గర ఒక చిన్న లోయలో నూలు మిల్లు నడిపిన కుటుంబంవాడు. పేరు అడాల్ఫ్ గూయర్-జెల్లర్. తన రైలు పైకి చేరడం ఆయన చూడలేదు. సొరంగం ఇంకా మొదట్లో ఉండగానే కన్నుమూశాడు. ఆయన జీవితంలో మెచ్చుకోదగ్గవీ ఉన్నాయి, మింగుడుపడనివీ ఉన్నాయి. రెండూ చెప్పుకుంటేనే మనిషి అర్థమవుతాడు.

నూలు లోయలు

గూయర్ 1839 మే 1న జూరిచ్ కాంటన్‌లోని బ్యారెట్స్‌విల్ గ్రామం పరిధిలో, నొయ్‌టాల్ అనేచోట పుట్టాడు. కాంటన్ అంటే మన రాష్ట్రం లాంటిది. కానీ మన రాష్ట్రాలకంటే ఎక్కువ అధికారాలున్నది, విస్తీర్ణంలో మన జిల్లాకంటే చిన్నది. జూరిచ్ నగరానికి తూర్పున ఉండే ఆ కొండప్రాంతాన్ని ఓబర్లాండ్, అంటే ఎగువసీమ, అంటారు. భూమి అంతగా పండేది కాదు. అందుకని ఇంటింటా రాట్నాలు, మగ్గాలు ఉండేవి. రైతు కుటుంబాలు చలికాలమంతా నూలు వడికి, బట్ట నేసి బతికేవి.

తర్వాత ఇంగ్లండు నుంచి యంత్రాలొచ్చాయి. ముందు చేతిరాట్నం పోయింది, ఆపైన మగ్గం వంతు వచ్చింది. 1832 నవంబరు 22న ఆ ప్రాంతంలోనే ఉస్టర్ అనే ఊళ్ళో చేనేతవాళ్ళు ఒక మిల్లుమీద పడి దానికి నిప్పుపెట్టారు. యంత్రమగ్గాలు తమ పొట్టకొడతాయన్న కోపం. స్విస్ చరిత్రలో 'ఉస్టర్ దహనం'గా నిలిచిపోయిన సంఘటన ఇది. మాంచెస్టర్ బట్ట వచ్చి మన నేతగాళ్ళ మగ్గాలు మూలపడిన కథ మనకి తెలుసు. అదే కాలంలో స్విట్జర్లాండ్ నడిబొడ్డున కూడా అలాంటి కథే నడిచిందని చాలామందికి తెలియదు.

గూయర్ తండ్రి యోహాన్ రుడాల్ఫ్ ఆ మార్పులో గెలిచినవైపు ఉన్నవాడు. 1820లలో నొయ్‌టాల్‌లో నూలు మిల్లు పెట్టాడు. బొగ్గు లేని దేశంలో మిల్లు నడవాలంటే నీళ్ళే దిక్కు. నొయ్‌టాల్‌లో ఉన్నది పెద్ద నది కాదు, కొండవాగు. ఆ వాగుకి అడ్డుకట్టలు వేసి, చెరువులు తవ్వి, నీళ్ళు దాచి, టర్బైన్ల మీదకి వదిలేవారు. తర్వాతి రోజుల్లో ఆ శక్తిని దూరంగా ఉన్న యంత్రాలకి చేర్చడానికి రాతి స్తంభాలు కట్టి, వాటిమీద పెద్ద చక్రాలు పెట్టి ఇనుపతాళ్ళు తిప్పారు. కరెంటు తీగలు రాకముందు కరెంటు తీగ పని చేసింది ఆ తాడే. ఆ స్తంభాలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. నీటి జోరుని దూరంగా తీసుకెళ్ళి పని చేయించడం పుట్టిన ఇంట్లోనే చూసిన కుర్రవాడు, యాభై ఏళ్ళు దాటాక లౌటర్‌బ్రున్నెన్ నీళ్ళతో ఐగర్ కొండలో రైలు నడపవచ్చు అనుకోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇక్కడొక చిన్న పిడకల వేట. ఈ మిల్లులకి కావలసిన దూది స్విట్జర్లాండ్‌లో పండదు కదా! దాంతో దూది వ్యాపారమే ఒక పెద్ద పరిశ్రమ అయింది. అదే కాంటన్‌లోని వింటర్‌టూర్ పట్నానికి చెందిన ఫోల్కార్ట్ సోదరులు 1851లో వింటర్‌టూర్‌లోనూ బొంబాయిలోనూ ఒకేసారి కంపెనీ తెరిచి మన దేశపు పత్తి ఎగుమతి చేశారు. ఆ ఫోల్కార్టూ మన టాటాలూ కలిసి 1954లో పెట్టిన కంపెనీయే వోల్టాస్. మన ఇళ్ళలో తిరిగే ఏసీ పేరులో సగం వింటర్‌టూర్ నుంచి వచ్చిందే.

అడాల్ఫ్‌ని తండ్రి బాగా చదివించి, ఇంగ్లండూ అమెరికా తిరిగి రమ్మని పంపాడు. తిరిగొచ్చాక అతను జూరిచ్‌లో నూలు బట్టల ఎగుమతి వ్యాపారం పెట్టాడు. తండ్రి తర్వాత మిల్లు కూడా చేతికొచ్చింది. జెల్లర్ కుటుంబానికి చెందిన అన్నా విల్హెల్మినాని పెళ్ళి చేసుకుని గూయర్-జెల్లర్ అయ్యాడు. స్విట్జర్లాండ్‌లో పాత ఆనవాయితీ అది. పెళ్ళయ్యాక మగవాడు కూడా తన ఇంటిపేరు పక్కన భార్య పుట్టింటి పేరు తగిలించుకునేవాడు. ఇల్లరికం వెళ్ళినవాణ్ణి తప్ప ఎవర్నీ అత్తవారి ఇంటిపేరుతో పిలవని మనకి ఇది కాస్త వింతే.

కాంటన్ రాజకీయం, రైల్వే షేర్లు

ఆ రోజుల్లో జూరిచ్‌లో ఆల్ఫ్రెడ్ ఎషర్ మాటకి తిరుగులేదు. కాంటన్ ప్రభుత్వంలో ఆయన, దేశ పార్లమెంటులో ఆయన, 1853లో ఏర్పడిన ఈశాన్య రైల్వే కంపెనీకి అధిపతి ఆయన. ఆ కంపెనీ జర్మన్ పేరు నార్డోస్ట్‌బాన్. రైళ్ళకి డబ్బు కావాలని 1856లో ఒక బ్యాంకు పెట్టించింది కూడా ఆయనే. మొన్నమొన్నటిదాకా క్రెడిట్ స్విస్ పేరుతో నడిచి, 2023లో కుప్పకూలి యూబీఎస్‌లో కలిసిపోయింది ఆ బ్యాంకే.

ఒక్కడి చేతిలో ఇంత అధికారమా అని జనంలో అసంతృప్తి రాజుకుంది. 1860లలో పెద్ద ఉద్యమం నడిచి, 1869లో జూరిచ్ కాంటన్ కొత్త రాజ్యాంగం రాసుకుంది. చట్టాల మీద జనం ఓటెయ్యాలి, ప్రభుత్వ సభ్యుల్ని జనమే నేరుగా ఎన్నుకోవాలి, జనం సంతకాలు పోగుచేసి కొత్త చట్టం కోరవచ్చు అన్న హక్కులు అందులో వచ్చాయి. ఇవాళ మనం స్విట్జర్లాండ్ అనగానే చెప్పుకునే ప్రత్యక్ష ప్రజాస్వామ్యానికి జూరిచ్‌లో అది గట్టి పునాది. గూయర్-జెల్లర్ ఈ కాంటన్ శాసనసభలో సభ్యుడిగా పనిచేశాడు. పెద్ద వక్తగా పేరు తెచ్చుకున్నవాడు కాదు. తన ఎగువసీమకి రైలు రావాలి, మిల్లుల సరుకు బయటికి పోవాలి అన్నది ఆయన ముఖ్యమైన పట్టుదల.

మిల్లు యజమానులకి ఆ కాలం అంత తేలికగా నడవలేదన్నది కూడా చెప్పాలి. 1877లో స్విట్జర్లాండ్ మొత్తానికీ ఫ్యాక్టరీ చట్టం వచ్చింది. రోజుకి 11 గంటలు మించి పని చేయించకూడదు, 14 ఏళ్ళలోపు పిల్లల్ని ఫ్యాక్టరీలో పెట్టకూడదు అన్న చట్టాన్ని జనం ఓటేసి నెగ్గించారు. యజమానుల్లో చాలామందికి అది రుచించలేదు. ఆ చట్టం వచ్చేదాకా జూరిచ్ ఎగువసీమ మిల్లుల్లో పిల్లలు పనిచేసేవారన్నది దాచిపెట్టే విషయం కాదు.

1870ల చివర్లో ఈశాన్య రైల్వే అప్పుల్లో కూరుకుపోయింది. దాని షేర్లు నేలకి దిగాయి. అందరూ అమ్ముకుంటున్నప్పుడు గూయర్-జెల్లర్ కొనడం మొదలుపెట్టాడు. ఏళ్ళ తరబడి అలా పోగేసి, కంపెనీ యాజమాన్యాన్ని వాటాదారుల సమావేశాల్లో నిలదీస్తూ వచ్చి, 1894లో పాతవాళ్ళని దింపి తానే అధ్యక్షుడయ్యాడు. స్టాక్ మార్కెట్ సంగతులు తెలిసిన మన పాఠకులకి ఇది కొత్త ఎత్తుగడ ఏమీ అనిపించదు. ఆ కాలానికి మాత్రం సంచలనం. పత్రికలు ఆయన్ని రైల్వే రాజు అనడం మొదలుపెట్టాయి.

ఆ పదవిలో ఆయనకి దక్కిన పేరు మంచిది కాదు. దేశంలోని రైల్వే ఉద్యోగులు 1896లో జీతాల పెంపు కోసం గట్టిగా నిలబడ్డారు. ఒప్పుకున్న విషయాల అమలులో ఈశాన్య రైల్వే వెనకాడింది. గూయర్-జెల్లర్ బిగుసుకుని కూర్చున్నాడు. 1897 మార్చిలో ఉద్యోగులు సమ్మెకి దిగారు. జూరిచ్‌తో సహా తూర్పు స్విట్జర్లాండ్‌లో రైళ్ళు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. రెండుమూడు రోజుల్లోనే కేంద్ర ప్రభుత్వం మధ్యవర్తిత్వానికి రావలసి వచ్చింది, కంపెనీ దిగివచ్చింది.

సమ్మె ముగిసింది గాని దాని ఫలితం ముగియలేదు. దేశానికి ప్రాణమైన రైళ్ళు ఒక షేర్ల వ్యాపారి ఇష్టాయిష్టాల మీద నడవాలా అన్న ప్రశ్న ఊరూరా వినిపించింది. 1898 ఫిబ్రవరి 20న స్విస్ ఓటర్లు ప్రధాన రైల్వేలను ప్రభుత్వం కొనెయ్యాలని దాదాపు మూడింట రెండువంతుల మెజారిటీతో తీర్పిచ్చారు. ఇవాళ మనం టికెట్ కొనుక్కుని ఎక్కే స్విస్ ఫెడరల్ రైల్వే పుట్టింది ఆ ఓటులోంచే. ఈశాన్య రైల్వే 1902లో అందులో కలిసింది. చౌకగా కొన్న షేర్లతో గూయర్-జెల్లర్ కట్టుకున్న రైల్వే సామ్రాజ్యాన్ని, మిల్లు కూలీకీ మిల్లు యజమానికీ సమానంగా ఉన్న ఓటు మింగేసింది. నా మటుకు నాకు ఆయన జీవితంలో యుంగ్‌ఫ్రౌ తర్వాత చెప్పుకోదగ్గ ఘట్టం ఇదే.

మ్యూరెన్‌లో ఒక రాత్రి

ఇక అసలు కథ. ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రౌ అని మూడు శిఖరాలు పక్కపక్కనే ఉంటాయి. మోంక్ అంటే సన్యాసి, యుంగ్‌ఫ్రౌ అంటే కన్య. యుంగ్‌ఫ్రౌ ఎత్తు 4,158 మీటర్లు. దానిమీదకి రైలు వెయ్యాలన్న ఆలోచన గూయర్-జెల్లర్‌కి ముందే ఇతరులకి వచ్చింది. ఈఫిల్ టవర్ లెక్కలు వేసిన మారిస్ కేష్లాన్ 1889లో ఒక ప్లాను ఇచ్చాడు. పిలాటస్ కొండ రైలు కట్టిన ఎడ్వర్డ్ లోహర్ అయితే గొట్టాల్లాంటి సొరంగాలు తవ్వి, గాలి ఒత్తిడితో డబ్బాలను పైకి నెట్టాలన్నాడు. తుపాకీలో తూటాలాగ మనుషుల్ని పంపాలన్నమాట! ఇవన్నీ కింద లౌటర్‌బ్రున్నెన్ లోయలోంచి బయల్దేరే ప్లాన్లు. ఖర్చు చూసి డబ్బున్నవాళ్ళు జంకారు.

1893లో వెంగెర్నాల్ప్ రైలు మొదలై, 2,061 మీటర్ల ఎత్తున ఉన్న క్లైన షైడెక్ అనే కనుమ దాకా జనాన్ని చేర్చింది. ఆ ఏడాది ఆగస్టు 27న గూయర్-జెల్లర్ కూతురితో కలిసి ఎదురుగా ఉన్న షిల్ట్‌హార్న్ మీద నడకకి వెళ్ళాడు. అక్కణ్ణుంచి చూస్తే మూడు శిఖరాలూ వరసగా గోడకట్టినట్టు కనిపిస్తాయి. కింద చిన్న రైలు షైడెక్‌కి పాకుతోంది. లోయలోంచి మొదలుపెట్టడం ఎందుకు, సగం ఎత్తు ఆ రైలే ఎక్కిస్తోంది కదా అనిపించింది. షైడెక్ నుంచి బయల్దేరి ఐగర్ కడుపులోకి దూరి, మోంక్ కడుపులోంచి పోయి, యుంగ్‌ఫ్రౌ దగ్గర తేలితే సరి! ఆ రాత్రి మ్యూరెన్‌లో హోటల్ గదిలో కూర్చుని అర్ధరాత్రి దాటేదాకా ఒక కాగితం మీద ఆ దారి గీశాడు. ఆ కాగితం భద్రంగా ఉంది. ఇప్పుడు రైలు నడుస్తున్న దారికీ ఆ గీతకీ పోలిక చూస్తే నిజంగా ఆశ్చర్యం వేస్తుంది.

గీత గీసిన నాలుగు నెలలకే ప్రభుత్వానికి దరఖాస్తు వెళ్ళింది. అక్కడొక చిక్కు వచ్చింది. నడవకుండా, శరీరం అలవాటు పడకుండా, రైల్లో కూర్చుని ఒక్కసారిగా అంత ఎత్తుకి వెళితే మనిషికి ఏమన్నా అవుతుందా? బెర్న్ విశ్వవిద్యాలయంలో శరీరధర్మశాస్త్రం చెప్పే ఆచార్యుడు హ్యూగో క్రోనెకర్‌ని అడిగారు. ఆయన 1894లో ఏడుగుర్ని జెర్మాట్ దగ్గర బ్రైట్‌హార్న్ మీదకి, 3,750 మీటర్ల ఎత్తుకి, మోతగాళ్ళ చేత కుర్చీల్లో మోయించి తీసుకెళ్ళాడు. నాడి, ఊపిరి చూశాడు. ఆరోగ్యవంతులు శ్రమ పడకుండా, ఎక్కువసేపు ఉండకుండా దిగివస్తే ప్రమాదం లేదని తేల్చాడు. మన పెద్దవాళ్ళని పైకి తీసుకెళ్ళేవారు ఆ పాత సలహా ఇప్పటికీ గుర్తుపెట్టుకోవచ్చు. మెట్లు పరుగున ఎక్కకండి, తల తిరిగితే దిగొచ్చెయ్యండి.

1894 డిసెంబరు 21న అనుమతి వచ్చింది. పైన పరిశోధనా కేంద్రానికి డబ్బు ఇస్తానని గూయర్-జెల్లర్ ముందే మాటిచ్చాడు. శాస్త్రవేత్తల మద్దతు దొరకడానికి అదొక కారణం. డబ్బు సమకూర్చడానికి అదే ఏడాది జూరిచ్‌లో తన పేరుతో సొంత బ్యాంకు తెరిచాడు. ఆ గూయర్‌జెల్లర్ పేరు ఒక శతాబ్దం పైగా నిలిచి, చివరికి హెచ్‌ఎస్‌బీసీలో కలిసిపోయింది.

డబ్బు విషయంలో ఆయన వేసిన ఎత్తు తెలివైనది. మొత్తం కట్టాక తెరవడం కాదు, కట్టినంతమేరా తెరుస్తూ పోవాలి. ఒక స్టేషను పూర్తవగానే టికెట్లు అమ్మాలి, ఆ డబ్బుతో తర్వాతి ముక్క తవ్వాలి. అందుకే ఆ సొరంగం మధ్యలో కొండ గోడకి కిటికీలు పెట్టి స్టేషన్లు కట్టారు. ప్రయాణికులు దిగి, అద్దాల్లోంచి కింద లోయని చూసి, మళ్ళీ ఎక్కేవారు.

కరెంటు గురించి ఇంజనీరు పాఠకుల కోసం రెండు మాటలు. పొగబండిని ఏడు కిలోమీటర్ల సొరంగంలోకి పంపితే లోపలివాళ్ళు ఉక్కిరిబిక్కిరవుతారు. అందుకని మొదటినుంచీ కరెంటే అనుకున్నారు. 1890లలో కరెంటు రైలంటే సాహసమే. లౌటర్‌బ్రున్నెన్ దగ్గర నదిమీద సొంత జలవిద్యుత్ కేంద్రం కట్టి, త్రీఫేజ్ కరెంటు వాడారు. పైన రెండు తీగలు, మూడో ఫేజు పట్టాలే. ఇండక్షన్ మోటారు కాబట్టి దిగేటప్పుడు రైలు వేగం దానంతటదే అదుపులో ఉంటుంది, పైగా దిగే రైలు కరెంటు పుట్టించి లైనులోకి తిరిగి పంపుతుంది. వాలు నాలుగు అడుగులకి ఒక అడుగు దాకా ఉంటుంది కాబట్టి పట్టాల మధ్య ఎమిల్ స్ట్రూబ్ తయారుచేసిన పళ్ళ పట్టా వేశారు. ఊటీ రైలులో చూసే పళ్ళ పట్టా కూడా స్విస్‌దే, రోమన్ ఆప్ట్ అనే ఇంజనీరు పద్ధతి. మేట్టుపాళయం నుంచి కూనూరుకి ఆ రైలు మొదలైంది 1899లో, అంటే గూయర్-జెల్లర్ పోయిన ఏడాదే.

తవ్వినవాళ్ళు

1896 జూలై 27న పని మొదలైంది. మొదటి రెండు కిలోమీటర్లు ఆరుబయటే. 1898 సెప్టెంబరు 19న ఐగర్ హిమానీనదం స్టేషను దాకా రైలు నడిచింది. గూయర్-జెల్లర్ చూసిన ప్రారంభోత్సవం అదొక్కటే.

ఆ తర్వాతది సొరంగం. తవ్వినవాళ్ళలో ఎక్కువమంది ఇటలీ నుంచి వలస వచ్చిన కూలీలు. హిమానీనదం పక్కన కట్టిన బారకాసుల్లో ఉండేవారు. చలికాలంలో కిందికి దారి మూసుకుపోతే నెలల తరబడి అక్కడే. ముందుగా నిల్వచేసిన తిండే దిక్కు. సున్నపురాతిలో డైనమైటు పెట్టి పేల్చడం, పొగ తగ్గకముందే లోపలికి పోయి రాళ్ళు ఎత్తడం. 1899 ఫిబ్రవరి చివర్లో ఒక పేలుడులో ఆరుగురు చనిపోయారు. మొత్తం 16 ఏళ్ళలో పోయిన ప్రాణాలు 30. జీతాల కోసం, పని పరిస్థితుల కోసం సమ్మెలు జరిగాయి. గల్ఫ్‌లో మన తెలుగు కూలీల క్యాంపులు చూసినవారికి ఆ బారకాసులు ఊహించుకోవడం కష్టం కాదు.

ఆ ఫిబ్రవరి ప్రమాదం జరిగి ఆరు వారాలు తిరక్కుండానే, 1899 ఏప్రిల్ 3న, జూరిచ్‌లో గూయర్-జెల్లర్ చనిపోయాడు. ఇంకొక నెలలో అరవై నిండేవి. సొరంగంలోని మొదటి స్టేషను రోట్‌స్టాక్ ఆ ఆగస్టులో తెరుచుకుంది.

ఆయన లేకపోయేసరికి డబ్బుకి కటకట వచ్చింది. పనులు నత్తనడక నడిచాయి. వారసులు మాత్రం వదిలెయ్యలేదు. 1903లో ఐగర్ గోడ స్టేషను, 1905లో మంచుసముద్రం అనే అర్థం వచ్చే ఐస్‌మీర్ స్టేషను తెరిచారు. గూయర్-జెల్లర్ ప్లాను ప్రకారం రైలు యుంగ్‌ఫ్రౌ శిఖరం కిందిదాకా వెళ్ళాలి, చివరి ముక్క లిఫ్టులో ఎక్కాలి. ఆ ఆశ వదులుకుని, మోంక్‌కీ యుంగ్‌ఫ్రౌకీ మధ్య ఉన్న మెడ దగ్గరే ఆపేద్దామని నిర్ణయించారు. యోహ్ అన్న మాటకి అర్థం కాడి, పర్వతాల మధ్య మెడ కూడా. 1908లో ఐగర్ గోడ దగ్గర నిల్వ ఉంచిన దాదాపు 30 టన్నుల డైనమైటు పేలిపోయింది. అదృష్టం, ఎవరూ పోలేదు. 1912 ఫిబ్రవరి 21న చివరి రాతిపొర పగిలి వెలుతురు కనిపించింది. స్విస్ జాతీయదినమైన ఆగస్టు 1న రైలు పైకి చేరింది. ఏడేళ్ళనుకున్నది పదహారేళ్ళు పట్టింది, ఖర్చు అంచనాకి రెట్టింపు.

రైలు మొదలైన తర్వాత ఆయన ఇచ్చిన మాట కూడా నెరవేరింది. 1931లో పైన పరిశోధనా కేంద్రం, 1937లో స్ఫింక్స్ అబ్జర్వేటరీ వచ్చాయి. వాతావరణంలో వస్తున్న మార్పుల్ని కొలిచే ముఖ్యమైన కేంద్రాల్లో అదొకటి. సొరంగంలోంచి కొండ గోడకి ఉన్న చిన్న ద్వారం ఇంకొక కథలో కూడా వస్తుంది. 1936లో ఐగర్ ఉత్తరపు గోడ మీద చిక్కుకున్న టోనీ కుర్త్స్‌ని కాపాడటానికి గైడ్లు ఆ ద్వారంలోంచే బయటికి వెళ్ళారు. చేతికి అందేంత దగ్గరకి దిగివచ్చి కూడా అతను తాడుకి వేలాడుతూ ప్రాణం వదిలాడు.

ఇప్పుడు వెళ్ళేవారికి

పాత గైడుబుక్కులు పట్టుకుని వెళ్ళేవారు గమనించండి. 2016 చివరినుంచి ఐగర్ గోడ స్టేషనులో రైలు ఆగడం లేదు. కిటికీలు చూడాలంటే ఐస్‌మీర్ దగ్గర ఆగుతుంది, అక్కడ చూడండి. 2020 డిసెంబరులో గ్రిండెల్వాల్డ్ నుంచి ఐగర్ ఎక్స్‌ప్రెస్ అనే రోప్‌వే వచ్చింది. దాంట్లో వెళితే సమయం కలిసివస్తుంది గాని, గూయర్-జెల్లర్ చూసిన ఆరుబయటి దారి, షైడెక్ నుంచి హిమానీనదం దాకా, తప్పిపోతుంది. తొందరలేనివాళ్ళు ఒకవైపైనా షైడెక్ మీదుగా రావడం మంచిది. పైన మంచుగుహకి వెళ్ళే దారిలో రైలు కట్టిన చరిత్ర చూపించే ఒక నడవా ఉంది. సొరంగంలో చనిపోయిన కూలీలను అక్కడ స్మరించుకున్నారు. గ్రూపు టూర్లలో గైడు హడావుడి పెడతాడు, అయినా అక్కడ రెండు నిమిషాలు ఆగండి.

జూరిచ్‌లో పని మీద వచ్చి ఒక ఆదివారం ఖాళీ దొరికినవాళ్ళు నొయ్‌టాల్‌కి వెళ్ళవచ్చు. గూయర్-జెల్లర్ పట్టుబట్టిన ఎగువసీమ రైలు, యూరికోన్ నుంచి బౌమా దాకా, ఆయన పోయాక 1901లో మొదలైంది. మిల్లు ముందే దానికి స్టేషను, పక్కనే వాగు మీద వంతెన. ఆ లైను నష్టాల్లోనే నడిచి 1948లో చాలాభాగం మూతపడింది. మిగిలిన హిన్విల్–బౌమా ముక్క మీద ఉత్సాహవంతుల సంఘం ఒకటి 1978 నుంచి వేసవిలో కొన్ని ఆదివారాలు పాత పొగబండి నడుపుతోంది. పిల్లలకి అది యుంగ్‌ఫ్రౌ రైలుకన్నా ఎక్కువ నచ్చే అవకాశం ఉంది. మిల్లు ఇప్పుడు మ్యూజియం. నూలు యంత్రాలు తిప్పి చూపిస్తారు, టర్బైను గదీ, తాళ్ళు తిరిగిన స్తంభాలూ చూడవచ్చు. అక్కణ్ణుంచి కొండల్లోకి ఆయన సొంత ఖర్చుతో వేయించిన కాలిబాటలు ఆయన పేరుతోనే ఉన్నాయి, దారి చూపే బోర్డులతో సహా. చెరువు గట్టు మీద కూర్చోడానికి బెంచీలున్నాయి, పులిహోర పొట్లాలు కట్టుకెళ్ళేవారికి అనువైన చోటు.